ఎర్రచుక్క గొట్టాలు

సిల్వర్ సిటీ, న్యూ మెక్సికో
మార్చి 9, 1974

ప్రియమైన ఐనార్‌కి,

ఏటా ఈ వేళకు నా దగ్గర నుంచి నీకు వచ్చేది ఉత్తరం కాదు, చాకిరీ. ఈసారీ అంతే. నా తుపాకీలో పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు మూట కట్టి పంపుతున్నాను. పేల్చడం, మెడ బిగించడం, మందు పోసి గుండు కూర్చోబెట్టడం, మళ్ళీ పేల్చడం. ఇన్నేళ్ళుగా అవే గొట్టాలతో నెట్టుకొస్తున్నానేమో, మెడలు గట్టిపడి కొన్ని చీలాయి. చీలినవి విడిగా మూట కడతాను, ఇత్తడి తుక్కులో వేసుకో. మిగతావాటి మెడలకు నీ పద్ధతిలో కాస్త మంట చూపించి, మెత్తబరచి పంపు.

గొట్టాన్ని చెక్క సుత్తితో అచ్చులోకి దిగగొట్టి మెడ బిగించడం వరకే నా విద్య. మంటతో పని నాకు రాదు. కిందటిసారి ప్రయత్నించి కిటికీ తెర తగలబెట్టుకున్న సంగతి రాశాను కదా, దాన్ని నువ్వు మీ ఊళ్ళో ఎంతమందికి చదివి వినిపించావో కూడా నాకు తెలిసింది.

ఇక్కడ గాలి ఎక్కువ, దుమ్ము ఎక్కువ, దగ్గు తక్కువ. డాక్టరు నా ఊపిరితిత్తులు విని ఇంకా పనికొస్తాయన్నాడు. కాస్త ఒళ్ళు కూడా చేశాను. మెయిన్ రోడ్డు మీద ఒక కాఫీ హోటలుంది, వంట బాగుంటుంది. అంతకు మించి విశేషాలేమీ లేవు.

అక్టోబరులో దుప్పుల వేటకు రమ్మని ఈసారి కూడా రాయబోతావు. రాయకు. మీ అక్క సోల్వే లేకుండా ఆ డేరాలో కూర్చుని కాఫీ తాగడం నా వల్ల కాదు. ఆరేళ్ళుగా ఇదే చెబుతున్నాను, ఏడో ఏడు కొత్త మాట ఎక్కడి నుంచి తేను?

నీ బావ,
వెండెల్

*

లూయిస్‌టౌన్, మోంటానా
మార్చి 21

బావా,

మూట చేరింది. రాయవద్దన్నావు కనుక ముందుగా అదే రాస్తున్నాను. అక్టోబరు మూడో వారం, ఎప్పటి డేరా, ఎప్పటి చోటు. సరే, ఆ ముచ్చట అయిపోయింది. ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

నేను రైల్వే షాపులో ముప్పై ఏళ్ళకు పైగా ఇనుముతోనూ ఇత్తడితోనూ కాపురం చేసినవాణ్ణి. ఇత్తడి నాతో అబద్ధమాడదు. నువ్వు ఆడతావు. కాబట్టి నీ ఉత్తరం పక్కన పెట్టి మూట చదివాను.

మొదటిది, ఈ పిండి సంచీ. దీని మూతి ఎంత ముద్దుగా కుట్టి ఉందంటే విప్పడానికి చెయ్యి రాలేదు. నీ చొక్కా బొత్తాం ఊడితే రాగి తీగతో కట్టుకునే మనిషివి నువ్వు.

రెండోది, కొన్ని గొట్టాలకు మెడలు ముందే బిగించి ఉన్నాయి. మెత్తబరచకముందే బిగిస్తే చీలుతాయని నీకు తెలుసు. ఎవరో తెలియక మొదలుపెడితే నువ్వు మధ్యలో ఆపినట్టున్నావు. పోనీ నువ్వే బిగించావందామా అంటే, నీ సుత్తి దెబ్బ నాకు తెలుసు. పాముని కొట్టినట్టు కొడతావు, గొట్టం అడుగు అంచు ఎప్పుడూ వంకర తిరిగే వస్తుంది. వీటి అంచులు చెక్కు చెదరలేదు. ఓపికగా, చిన్న చిన్న దెబ్బలతో దించిన చెయ్యి ఇది.

ఇక మూడోది. అచ్చులో జారడానికి మెడకి కాస్త నూనె రాస్తాం. నువ్వు ఇన్నాళ్ళూ ఇంజను నూనె రాశావు, అదే నూనె తలకీ రాసుకున్నావు. ఈ మెడలు గుడ్డతో తుడిస్తే గదంతా గులాబీల వాసన! చేతులకు రాసుకునే క్రీము బావా ఇది. నా కుక్క బల్ల దగ్గరికి వచ్చి వాసన చూసి, నా ముఖంలోకి చూసి, నన్నే అనుమానించి వెళ్ళిపోయింది.

నీ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటున్నారు? వెంటనే రాయి. పని ఈ వారాంతంలో మొదలుపెడతాను. ఇక్కడింకా మోకాటి లోతు మంచు ఉంది, తోచి చావడం లేదు. కనీసం నీ గులాబీల కథ అయినా చెప్పు.

నీ బావమరిది,
ఐనార్

*

సిల్వర్ సిటీ
ఏప్రిల్ 2

ఐనార్‌కి,

నీకు పని లేక కుక్కని పక్కన కూర్చోబెట్టుకుని డిటెక్టివు వేషం వేస్తున్నావు.

సంచీ కుట్టింది పక్కింటావిడ. ఆవిడ అందరికీ కుట్టి పెడుతుంది, అదేం వింత కాదు. క్రీము మందుల షాపువాడు ఇచ్చాడు. ఇక్కడి ఎండగాలికి చేతులు బీటలు వారతాయి. అందులో గులాబీ వాసన వస్తుందని నాకు తెలియదు, దగ్గుతో నా ముక్కు ఎప్పుడో చెడింది. చేతికున్నదే మెడకి అంటుకుని ఉంటుంది. సుత్తి దెబ్బలంటావా, మెల్లగా కొట్టమని నువ్వే కదా పాతికేళ్ళుగా నన్ను తిట్టావు! తీరా నేర్చుకుంటే దానికీ దర్యాప్తా?

మెడలు ముందే బిగించింది పొరపాటే. పరధ్యానం.

కాఫీ హోటల్లో నీలాంటి మనిషే ఒకావిడ ఉంది, వంట చేస్తుంది. ఏదీ వదిలిపెట్టదు. ఒక్క మాట అంటే నాలుగు మాటలు. నీకు బాగా కుదురుతుంది. ఊరికే రాస్తున్నాను, విశేషాలు రాయనంటావని.

గొట్టాలకు తొందరేం లేదు. నెలాఖరులోగా పంపగలిగితే మంచిది. తుక్కు మూట విప్పనక్కర్లేదు, అలాగే పారెయ్యి.

వెండెల్

*

లూయిస్‌టౌన్
ఏప్రిల్ 14

వెండెల్‌కి,

నీ గొట్టాల పని అయిపోయింది.

సంచీ అడుగున చేతిరుమాలులో కట్టిన చిన్న మూటను చీలిన గొట్టాల తుక్కు అనుకుని పక్కన పడేశాను. నిన్న విప్పాను. అందులో ఒక్కటీ చీలినది లేదు. ప్రతిదాని అడుగున ఎర్ర గోళ్ళరంగు చుక్క ఉంది, అక్క పెట్టిన గుర్తు.

అక్క పోయే ముందు శరదృతువులో ఆ గొట్టాలకు మెడలు సరిచేసి ఇచ్చింది నేనే. శుభ్రంగా, ఖాళీగా, వరసగా పెట్టెలో పెట్టి ఇచ్చాను. ఇప్పుడు వాటి మెడలకు మసి పట్టి ఉంది. అడుగున తుపాకీ సూది కొట్టిన దెబ్బ కొత్తది. నీ తుపాకీలో తూటా కూర్చునే గదిలో అవి పట్టవు. అంటే అక్క తుపాకీలోనే పేలాయి.

ఆ తుపాకీని ఎవరూ ముట్టుకోరని సమాధి దగ్గర నాతో అన్నది నువ్వు. నేను అడగలేదు, నువ్వే అన్నావు.

ఎవరు పేల్చారో రాయి. లేదా రాయకు.

ఐనార్

*

సిల్వర్ సిటీ
ఏప్రిల్ 20

ప్రియమైన ఐనార్‌కి,

నీ ఉత్తరం చదివి మూడుసార్లు కాగితం తీశాను, మూడుసార్లూ మడిచి పెట్టేశాను. ఆ గొట్టాలు మూటలోకి ఎలా చేరాయో నాకు నిజంగా తెలియదు. నేను దాచాలనుకున్నది అవే. ఇక దాచేదేముంది, రాస్తాను.

ఆవిడ పేరు ఎలోయిసా. కాఫీ హోటల్లో వంట చేసేది ఆవిడే. పక్కింటావిడ అని రాసింది కూడా ఆవిడ గురించే. పక్కిల్లు మాత్రం కాదు, రెండు వీధుల అవతల. భర్త పోయి చాలా కాలమైంది. నేను రోజూ పొద్దున గుడ్లూ కాఫీ తీసుకునేవాణ్ణి. ఒకరోజు పళ్ళెం నా ముందు టక్కున పెట్టి, "ఏమయ్యా, యాడాది నుంచి గుడ్లే తింటన్నావు, చివరికి నువ్వు కూడా గుడ్లు పెట్టే ఉద్దేశమేమన్నా ఉందా?" అంది. హోటలంతా నవ్వింది. సోల్వే పోయాక నన్ను చూసి నవ్వినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. అందరూ జాలిపడేవాళ్ళే. నాకు ఆ నవ్వు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

క్రిస్మస్‌కి మొక్కజొన్న పిండిలో జింక మాంసం పెట్టి, ఆవిరికి ఉడికించి తమాలీలు చెయ్యాలని ఆవిడ కోరిక. వాళ్ళ నాన్నా అన్నలూ వేటకి పోయేవారట, ఈవిణ్ణి ఎప్పుడూ తీసుకెళ్ళలేదట. "మాంసం కోసింది నేను, కండలు ఎండబెట్టింది నేను, వండి వార్చింది నేను. తుపాకీ పట్టుకోవడం మటుకు ఆడదానికి చేతకాదంట!" అంది. అయితే నేను నేర్పుతానన్నాను. నోటికి అదుపు లేక అనలేదు ఐనార్, ఇష్టపడే అన్నాను.

ముందు బల్ల దగ్గర పని నేర్పాను. పేలిన గొట్టం ఆ తుపాకీ గది ఎంత ఉంటే అంతకి ఉబ్బుతుందనీ, ఒళ్ళు అలాగే వదిలేసి గుండు పట్టడానికి మెడ ఒక్కటీ బిగిస్తే అదే తుపాకీలో చక్కగా ఇముడుతుందనీ, వేరే తుపాకీలోకి మాత్రం పోదనీ చెప్పాను. ఆవిడ సుత్తి కింద పెట్టి, "అంటే ఒక ఇంట్లో కాపురం చేసింది ఇంకో ఇంటికి పనికిరాదంటావు?" అంది. నాకు ఎటు చూడాలో తెలియలేదు. "ఇత్తడి సంగతి చెప్తున్నా" అన్నాను. "నేనూ ఇత్తడి సంగతే అడిగాలే" అంది.

నవంబరులో నాకు జలుబు చేసి మంచం ఎక్కాను. ఆవిడ చారు తెచ్చి పెట్టి, నేను నిద్రపోతుంటే బల్ల దగ్గర కూర్చుంది. అలమరలో శుభ్రంగా వరసగా ఉన్న పెట్టె కనబడింది, ప్రతిదానికీ ఎర్రచుక్క. నేను ఏరి సిద్ధం చేసుకున్నవి అనుకుంది పాపం. మెడలు చూసుకుని, మందు కొలిచి పోసి, గుండ్లు కూర్చోబెట్టింది. లేచాక చూపించి మెప్పిద్దామనుకుందట. హోటలుకి వేళయిపోయి చెప్పడం మర్చిపోయింది, ఆ తూటాలను నేను అడుగు చూడకుండా వేట సంచీలో వేసుకున్నాను.

కొండల్లోకి వెళ్ళాం. రెండో రోజు పొద్దున్నే మంచి పోతు జింక, గడ్డిలో నిలబడి మావైపే చూస్తోంది. తుపాకీ ఆవిడ చేతిలో ఉంది, నా తుపాకీ. తూటా వెనక మూసే బోల్టు ముందుకి తోసింది, దాని పిడి కిందికి దిగలేదు. ఎంత నొక్కినా దిగలేదు. జింక చాలాసేపు మమ్మల్ని చూసి, ఇక వీళ్ళవల్ల అయ్యే పని కాదనుకుని నిదానంగా చెట్లలోకి నడిచిపోయింది. నేను తూటా బయటికి లాగి తిప్పి చూశాను. ఎర్రచుక్క. అక్కడే చతికిలబడ్డాను.

ఆవిడ నవ్వలేదు. నా పక్కనే కూర్చుని, "ఎవరివయ్యా ఇవి?" అంది.

"మా ఆవిడవి."

"చెప్పుంటే ముట్టుకునేదాన్ని కాదు కదా" అంది, అంతే.

ఇంటికి వచ్చి ఆ తూటాలు విప్పేద్దామని కూర్చున్నాను. ఒకదాన్ని విప్పాను. గుండు ఒక చోట, మందు ఒక చోట, ఎర్రచుక్క గొట్టం ఒక చోట. రెండోదానికి చెయ్యి రాలేదు. ఎలోయిసా చూస్తూ నిలబడింది.

"వీటికి పట్టే తుపాకీ ఉండాలి కదా. ఏదది?"

"మంచం కింద."

"చెడిపోయిందా?"

"చెడిపోలేదు. దాని వెనక కర్ర మా బావమరిది చెక్కాడు, వాళ్ళక్క భుజానికి కొలిచి."

"బాగున్నదాన్ని ఎందుకయ్యా పడుకోబెట్టావు? ఆవిడ పడుకోబెట్టమందా?"

సోల్వే ఆ మాట అంటుందా ఐనార్? చలికాలం మొదట్లో తన తుపాకీకి నూనె పెట్టలేదని నన్ను ఎంత తిట్టేదో నీకు తెలుసు. బయటికి తీశాను. ఎలోయిసాది కూడా సోల్వే ఎత్తే. ఎర్రచుక్క తూటా పెట్టి బోల్టు మూస్తే ఏ బలమూ అక్కరలేకుండా దిగింది. సీజను అయిపోయే ముందు ఆవిడ ఒక జింకని కొట్టింది, ఒక్క గుండుకే. మిగిలిన తూటాలు గురి నేర్చుకోవడానికి కొండ కింద డబ్బాల మీద పేల్చింది. తమాలీలు చేసింది. చాలా ఏళ్ళకి కడుపు నిండా తిన్నాను.

నీకు ఎందుకు చెప్పలేదంటే భయపడి. మనిద్దరికీ మధ్య ఉన్న చుట్టరికం మీ అక్కతో వచ్చింది. ఏటా గొట్టాలు పంపితే నువ్వు ఉత్తరం రాస్తావు, తిడతావు, నవ్విస్తావు. ఇంకొకావిడ పేరు రాస్తే ఇక గొట్టాలు వాటంతటవే తిరిగొస్తాయేమో, ఉత్తరం లేకుండా, అని భయం. అదిగో, కిందటి ఉత్తరంలో నువ్వు బావా అని కూడా రాయలేదు.

ఒక పని చెయ్యి. ఆ ఎర్రచుక్క గొట్టాలను నీ పెద్ద ప్రెస్సులో పెట్టి ఒళ్ళంతా అచ్చులో నొక్కి కొత్తవాటిలా చేసెయ్యి. అప్పుడు ఏ తుపాకీలోనైనా పడతాయి, చుక్కలు చెరిపేస్తే ఎవరివో కూడా తెలియదు. సోల్వే తుపాకీ నేనే బస్సులో తెచ్చి నీకు ఇచ్చేస్తాను. అది మీ ఇంటి వస్తువు. మేము జూన్‌లో పెళ్ళి చేసుకుందామనుకున్నాం. నీ జవాబు వచ్చేదాకా నేను చర్చిలో తేదీ అడగను.

వెండెల్

*

సిల్వర్ సిటీ
మే 11

ఐనార్ గారికి,

మీరు నన్ను ఎరగరు. గులాబీ వాసన నాదే.

మీ దగ్గర నుంచి మూడు వారాలుగా జవాబు లేదు. ఆయన రోజూ పోస్టాఫీసుకి వెళ్ళి వచ్చి, గుడ్లు ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంటున్నారు. నేను రాస్తున్నట్టు ఆయనకు తెలియదు.

ఎర్రచుక్క గొట్టాలు మూటలో వేసింది నేనే. పొరపాటున కాదు. సంచీ కుట్టే ముందు, చీలినవాటిని తీసేసి చేతిరుమాలులో ఇవి కట్టి అడుగున పెట్టాను. ఆయన చెప్పరని నాకు తెలుసు. రాయడం మొదలుపెట్టి వాతావరణం గురించి రాసి మూసేస్తారు. నేను దొడ్డిదారిన ఒకరింట్లోకి వచ్చే మనిషిని కాను. అక్క తుపాకీ పట్టుకున్నాను కనుక ఆ సంగతి తమ్ముడికి తెలియాలి. ఇత్తడి మీతో మాట్లాడుతుందని ఆయన ఎప్పుడూ చెబుతారు, సరే దాన్నే మాట్లాడనిద్దాం అనుకున్నాను.

మీ అక్కగారి సంగతులు నాకు చాలా చెప్పారు. కాఫీలో గుడ్డు కొట్టి కాచేవారటగా! మా వైపు అలా చేస్తే వంటమనిషిని మార్చేస్తారు. కానీ ఒకసారి నేనూ కాచి చూశాను. బాగానే ఉంది, ఈ మాట ఆయనకి చెప్పకండి.

ఆ తుపాకీ నా భుజానికి సరిపోయింది. అబద్ధం చెప్పను, నాకు అది ఎంతో నచ్చింది. అయినా మీరు వద్దంటే ఇక ముట్టను, మీ మీద కోపమూ పెట్టుకోను. కాని ఆయన్ని మాత్రం వదులుకోకండి. తినేటప్పుడు కూడా మీ మాటే చెబుతారు.

మా పెరట్లో ఎండబెట్టిన మిరపకాయలు కొన్ని పంపుతున్నాను. చూసి వాడుకోండి.

ఎలోయిసా

*

లూయిస్‌టౌన్
మే 27

బావా, ఎలోయిసా గారూ,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చదవండి.

ముందు మిరపకాయల సంగతి. చూసి వాడుకోమన్నారు, చూశాను, బాగా ఎర్రగా ఉన్నాయి, ఒకటి పూర్తిగా చారులో వేశాను. తర్వాత వాకిట్లో మిగిలిన మంచు తిన్నాను. కుక్క కూడా నన్ను చూసి జాలిపడింది. రెండో రోజు సగమే వేసుకున్నాను. ఇప్పుడు అది లేకపోతే చారు సహించడం లేదు.

జవాబు ఆలస్యానికి మిరపకాయ కారణం కాదు. కోపం వచ్చింది బావా. ఆ తుపాకీ బయటికి తీసినందుకని మొదట అనుకున్నాను. బల్ల దగ్గర కూర్చుని ఆలోచిస్తే అది కాదని తేలింది. నువ్వు నన్ను చూసి భయపడ్డావు, అదీ నా కోపం. అక్క పోయాక నాకు ఈ లోకంలో బావ అని పిలవడానికి మిగిలింది నువ్వు ఒక్కడివి. పెళ్ళి చేసుకుంటానంటే ఉత్తరాలు మానేస్తానా? నువ్వు నన్ను ఇన్నేళ్ళలో అర్థం చేసుకున్నది ఇంతేనా? కిందటి ఉత్తరంలో వెండెల్ అని రాసింది నేనే, ఒప్పుకుంటున్నాను. పోస్టు చేసి ఇంటికి వచ్చేసరికే తప్పనిపించింది. ఆ మాట వెంటనే రాయడానికి మొండితనం అడ్డొచ్చింది.

నువ్వు చెప్పినట్టే చేద్దామని ఎర్రచుక్క గొట్టాలు కింద పనిగదిలోకి తీసుకెళ్ళాను. పెద్ద ప్రెస్సులో పెద్ద అచ్చు బిగించాను. మొదటి గొట్టానికి నూనె రాసి పెట్టి పిడి మీద చెయ్యి వేశాను. ఒక్కసారి కిందికి లాగితే చాలు, అక్క తుపాకీ కొలత ఆ ఇత్తడి మీద నుంచి పోయేది.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ చుక్కలు పెట్టిన రోజు నీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. అక్క డేరా ముందు లారీ వెనక తలుపు మీద కూర్చుని పెట్టింది. నీవీ తనవీ కలిసిపోయి పొద్దున్నే తన బోల్టు తెరవడానికి బూటుతో తన్నాల్సి వచ్చిందని నిన్ను తిడుతూ, ఒక్కొక్కదానికీ రంగు వేస్తూ కూర్చుంది. చివర్న కుంచెకి కాస్త రంగు మిగిలితే నిద్రపోతున్న నా బొటనవేలి గోటికి వేసింది. నేను సోమవారం అదే గోటితో రైల్వే షాపుకి వెళ్ళాను. వాళ్ళు నన్ను రిటైరయ్యేదాకా వదల్లేదు.

బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని పెద్దగా నవ్వాను బావా. తర్వాత కాసేపు ఏడ్చాను. అక్క పోయినప్పుడు ఏడవలేదు, డేరా సామాను ఎవరు మడుస్తారని ఆ హడావిడిలో పడిపోయాను. ఇప్పుడు ఏడిస్తే హాయిగా ఉంది.

పెద్ద అచ్చు విప్పేశాను.

గొట్టాలు పళ్ళెంలో నిలబెట్టి సగందాకా నీళ్ళు పోసి, మెడలకు మంట చూపించాను. రంగు మారీ మారగానే ఒక్కొక్కటీ నీళ్ళలోకి తోశాను. మెడలు మెత్తబడ్డాయి, ఇంకా చాలా ఏళ్ళు చీలవు. అడుగు నీళ్ళలోనే ఉంటుంది కనుక ఎర్రచుక్కలకు ఏమీ కాలేదు. అయినా పాతబడి వెలిసి ఉన్నాయి. మందుల షాపుకి వెళ్ళి గోళ్ళరంగు సీసాలు ముందర పెట్టించుకున్నాను. కౌంటరు దగ్గరి అమ్మాయి, "ఎవరికి తాతా?" అని మహా కుతూహలంగా అడిగింది. "మా అక్కకి" అన్నాను. అదే ఎరుపు ఏరి ఇచ్చింది. చుక్కల మీద చుక్కలు కొత్తగా పెట్టాను. ఒకటి రెండు కాస్త పక్కకు పోయాయి. మన్నించండి.

ఎలోయిసా గారూ, ఈ మూటలో ఒక కొత్త పెట్టె కూడా ఉంది. ఇంకా ఏ తుపాకీలోనూ పేలని గొట్టాలు. ఒకసారి అక్క తుపాకీలో పేల్చండి, అవీ ఆ కొలతకే వస్తాయి. అక్కవి ఎరుపు. మీవి మీకు ఇష్టమైన రంగు. వచ్చే వసంతంలో రెండూ కలిపి పంపండి, నేను వేరుగా ఏరుకోగలను. మెడకి క్రీము మాత్రం కొంచెం తగ్గించి రాయండి, ఎక్కువైతే గొట్టం భుజం దగ్గర సొట్ట పడుతుంది. వాసన అలాగే ఉండనివ్వండి. కుక్కకి అలవాటైంది.

జూన్‌లో నేను రాలేను. ఆ వేడికి నేను కరిగిపోతాను, పైగా పెళ్ళిలో మిరపకాయలుంటాయి. చర్చిలో తేదీ రేపే అడుగు బావా. అక్టోబరు మూడో వారం మాత్రం ఇద్దరికీ డేరాలో మంచాలు వేయిస్తున్నాను. గుడ్డు కాఫీ కాయడం నాకు రాదు, ఆరేళ్ళుగా ఆ డేరాలో నేను తాగుతున్నది కాఫీ కాదు.

తుపాకీ నాకు తెచ్చి ఇచ్చేస్తానని రాశావు. ఇవ్వడానికి కాదు, వేటకి తీసుకురా. ఎర్రచుక్క గొట్టాలకు నేను మెడలు మాత్రమే బిగించాను. ఒళ్ళు ముట్టుకోలేదు. అక్క తుపాకీలో తప్ప ఇంకెందులోనూ అవి పట్టవు. మరి ఎలోయిసా గారు వేటాడాలంటే ఆ తుపాకీ లేకుండా ఎలా వస్తారు?

మీ తమ్ముడు,
ఐనార్